సీడీలో దాగిన లెక్క

ఒక ఊళ్ళో పొదుపు సంఘం ఉంది. అందులో ఒక పెద్దమ్మ సభ్యురాలు. ఆమె 2009లో అప్పు తీసుకుంది. వాయిదాలన్నీ కట్టేసింది. కానీ ఆమె పాసు పుస్తకం వానకు తడిసి పాడయింది. సంఘం పాత పుస్తకాలను కూడా చెదలు తినేశాయి.

ఇప్పుడు ఆమె గేదె కోసం అప్పు అడిగింది. “నీ పాత బాకీ తీరలేదు కదా!” అన్నారు కొందరు. పెద్దమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అప్పట్లో ఆ పుస్తకాల ఫొటోలు తీసి ఒక సీడీలో దాచారు. ఆ సీడీ ట్రంకు పెట్టెలో ఉంది. సంఘం కంప్యూటరులో సీడీ పెట్టే చోటే లేదు. “ఇప్పుడు ఇవెవరు వాడుతున్నారమ్మా? పారెయ్యండి” అన్నాడు షాపతను.

లెక్కలు రాసే అమ్మాయి ఒప్పుకోలేదు. “పారెయ్యొద్దు పెద్దమ్మా! సీడీ డ్రైవు విడిగా దొరుకుతుంది. మన కంప్యూటరులో లైనక్స్ ఉంది. మనమే తెరుద్దాం” అంది.

లైనక్స్ అంటే ఏమిటి?

కంప్యూటరును నడిపించే ఏర్పాటు అది. 1991లో ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దాన్ని మొదలుపెట్టాడు. తర్వాత వేలమంది తలా ఒక చెయ్యి వేశారు. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. మార్చుకోవచ్చు. పక్కవారికి ఇవ్వొచ్చు. అది ఊరి చెరువు లాంటిది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు దీని మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు.

సీడీ ఎలా తెరిచారు?

1. డ్రైవు తీగను కంప్యూటరుకు తగిలించారు. లైనక్స్ డ్రైవును తనంతట తానే గుర్తుపట్టింది.

2. సీడీని మెత్తని గుడ్డతో తుడిచారు. నడుమ నుంచి అంచు వైపుకు తుడవాలి. గుండ్రంగా తిప్పి తుడవకూడదు.

3. మెరిసే ముఖం కిందికి పెట్టి డ్రైవు మూశారు. డ్రైవు లోపల లేజరు అనే సన్నని వెలుగు ఉంటుంది. ఆ వెలుగే సీడీని చదువుతుంది.

4. కాసేపు ఆగారు. తెర మీద సీడీ బొమ్మ వచ్చింది. కానీ తెరుచుకోలేదు.

5. బొమ్మ మీద మౌస్ కుడి బటన్ నొక్కారు. ‘మౌంట్’ అనే మాట కనిపించింది. మౌంట్ అంటే తగిలించడం. తాడుకు బొక్కెన తగిలిస్తేనే కదా నీళ్ళు తోడగలం! సీడీ కూడా అంతే. ఆ మాట నొక్కగానే సీడీ తెరుచుకుంది.

సీడీ బొమ్మే రాకపోతే? తీగ తీసి, గట్టిగా తగిలించి చూడాలి. వేరే రంధ్రంలో పెట్టి చూడాలి.

పేజీలు ఒక్కొక్కటే చూశారు. పెద్దమ్మ పేరు కనిపించింది. ఆమె తెర మీద వేలు పెట్టింది. కూడబలుక్కుని చదివింది. “బా-కీ లే-దు.”

అందరూ చప్పట్లు కొట్టారు. బాకీ ఉందన్నవాళ్ళు తల దించుకున్నారు.

అమ్మాయి ఆ పేజీలను కంప్యూటరులోకి కాపీ చేసింది. ఒక పెన్ డ్రైవులోకి కూడా కాపీ చేసింది. తర్వాత ‘ఎజెక్ట్’ నొక్కి సీడీ తీసింది. గీతలు పడినా, ఎండ తగిలినా సీడీ పాడవుతుంది. అందుకే లెక్క ఎప్పుడూ రెండు చోట్ల ఉండాలి.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి:

1. మౌంట్ అంటే ఏమిటి?
2. సీడీని ఎలా తుడవాలి?
3. మీ సంఘం లెక్కలు ఎక్కడ ఉన్నాయి? మీ పేజీని మీరు చదివారా?