మందు ముట్టని వాళ్లకు లివర్ జబ్బు ఎందుకు?

అయిదో శీలం, ఆహారంలో మితం





"మందు మానేసి పదేళ్లయింది. ఇరవై రెండు ప్రతిజ్ఞలు తీసుకున్న మనిషిని. మరి స్కానింగులో లివర్‌కు కొవ్వు పట్టిందని రాశారేమి?" ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఇప్పుడు తక్కువేమీ లేరు. బయటికి అడగనివాళ్లు ఇంకా ఎక్కువ. లివర్ జబ్బంటే తాగుబోతు జబ్బని మన ఊళ్లలో గట్టి నమ్మకం. "చాటుగా తాగుతున్నాడేమో" అని నలుగురూ అనుకుంటారని రిపోర్టు బీరువాలో దాచేస్తారు. దాచిన రిపోర్టుకు వైద్యం ఉండదు. అందుకే ఈ పాఠం.

ముందే ఒక మాట. అయిదో శీలం పాటించడం వల్ల మీ కాలేయానికి జరిగిన మేలు నిజమైనదే. అయితే కాలేయాన్ని చెడగొట్టే దారులు రెండు. ఒకటి సీసా, రెండోది పళ్లెం. మొదటి దారి మూసేశాము. రెండోది తెరిచే ఉంది.

1. కాలేయంలో కొవ్వు ఎట్లా చేరుతుంది?

అన్నం, చక్కెర, పిండి వంటలు కడుపులో అరిగి గ్లూకోజుగా మారతాయి. వెంటనే ఖర్చు కానిదాన్ని కాలేయం దాచిపెడుతుంది. ఇంటి గాదెను తలుచుకోండి. గాదె నిండాక కూడా గింజలు వస్తూనే ఉంటే మూటలు వసారాలో, మంచం కింద ఎక్కడపడితే అక్కడ పెడతాం. కాలేయం కూడా అంతే. దాచే చోటు నిండాక మిగిలినదాన్ని కొవ్వుగా మారుస్తుంది. ఆ కొవ్వు రక్తంలోకి, పొట్ట చుట్టూ, చివరికి కాలేయం కణాల్లోకే చేరుతుంది. కాలేయంలో కొవ్వు నూటికి 5 వంతులు దాటితే దాన్ని ఫ్యాటీ లివర్ అంటారు.

చాలామందిలో అది అక్కడే ఆగిపోతుంది. కొందరిలో వాపు వస్తుంది, వాపు మచ్చగా మారుతుంది, మచ్చలు ముదిరి కాలేయం గట్టిపడుతుంది. దాన్నే సిర్రోసిస్ అంటారు. ఇదంతా జరగడానికి ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ నొప్పి తెలియదు. కాళ్లకు నీరు, పొట్టలో నీరు, పచ్చకామెర్లు కనబడేనాటికి చాలా ఆలస్యమై ఉంటుంది.

ఇంకో సంగతి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో ఎక్కువ ప్రాణాలు తీసేది లివర్ కాదు, గుండె జబ్బు. రెండింటికీ వేరు ఒక్కటే కాబట్టి.

2. అయిదు గుర్తులు

ఆ వేరుకు డాక్టర్లు పెట్టిన పేరు మెటబాలిక్ సిండ్రోమ్. కింది అయిదింటిలో ఏ మూడు ఉన్నా అది ఉన్నట్టే:

– నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, లేదా అంతకంటే ఎక్కువ
– బీపీ 130/85 లేదా అంతకంటే ఎక్కువ
– పరగడుపున షుగర్ 100 లేదా అంతకంటే ఎక్కువ
– రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ 150 లేదా అంతకంటే ఎక్కువ
– మంచి కొలెస్టరాల్ మగవాళ్లకు 40 కంటే, ఆడవాళ్లకు 50 కంటే తక్కువ

బీపీకో షుగరుకో ఇప్పటికే మందులు వాడుతుంటే ఆ గుర్తు ఉన్నట్టే లెక్క.

"నేను సన్నగానే ఉంటాను కదా" అనుకోకండి. మన దేశంలో కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చినవాళ్లు చాలామంది. బరువు కాటా కంటే దర్జీ టేపు నిజం చెబుతుంది. బొడ్డు దగ్గర, ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాగకుండా కొలవండి.

ఇది పట్నం జబ్బు కూడా కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్కల ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. మరో 13 కోట్లకు పైగా దాని అంచున ఉన్నారు. పెద్దవాళ్లలో నూటికి 35 మందికి బీపీ, దాదాపు 40 మందికి పొట్ట చుట్టూ కొవ్వు.

3. మన పళ్లెం ఎట్లా మారింది?

మన తాతల కాలంలో ఈ సీమలో కడుపు నింపింది సంగటి, జొన్న రొట్టె, కొర్రన్నం. వరి అన్నం పండగ కూడు. అది కూడా భూమి ఉన్నవాళ్ల ఇంట్లోనే. తెల్లన్నం తినడం అంటే మనవాళ్లకు గౌరవం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు కూలి ఇళ్లలో ఆకలి తగ్గింది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడకూడదు. ఆకలి ఎరగనివాళ్లు వచ్చి "మీరు సంగటే తినండి" అని చెబితే కోపం రావడం న్యాయమే.

కానీ కార్యకారణాలు చూడమన్నది మన ధమ్మం. చూద్దాం. ఆకలి తీర్చిన బియ్యం మూడు పూటలా పళ్లెంలో ముప్పావు వంతు అయింది. పప్పు, కూరగాయ తగ్గాయి. ఇంకోవైపు చాకిరీ మారింది. కె.సి. కెనాల్ కింద వరి కోతకు మిషన్ వచ్చింది. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగకు, జొన్నకు ట్రాక్టరు దున్నుతుంది. పులివెందుల అరటి, చీనీ తోటలకు బండి మీద పోతున్నాం. మగ్గం గుంటలో, ఆటో సీటులో పగలంతా కూర్చునే మనిషి తినే అన్నం మాత్రం గడ్డపార పట్టిన తాతకు పెట్టినంత. దానికి తోడు రోజుకు అయిదారు చక్కెర టీలు, సాయంత్రం బజ్జీలు, పిల్లలతో పాటు ఒక కూల్‌డ్రింకు. గాదె నిండక ఏమవుతుంది?

4. పసేనది రాజు కథ

కోసల రాజు పసేనది పూటకు ఒక పెద్ద కొలత బియ్యం అన్నం, కూరలతో సహా తినేవాడు. ఒకరోజు అట్లా తిని, ఆయాసపడుతూ బుద్ధుని దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. బుద్ధుడు ఆయనను ఎగతాళి చేయలేదు, ఉపవాసం ఉండమనలేదు. ఎరుకతో, మితం తెలిసి తినేవాడికి బాధలు తగ్గుతాయని, మెల్లగా ముసలితనం వస్తుందని, ఆయువు నిలుస్తుందని అర్థం వచ్చే గాథ చెప్పాడు. రాజు వెనుక నిలబడిన సుదస్సనుడనే యువకుడు ఆ గాథ నేర్చుకుని రోజూ రాజు భోంచేసేటప్పుడు చదివేవాడు. రాజు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ చిన్న కొలతకు వచ్చాడు. ఒళ్లు తేలికపడింది.

ఇందులో మనం పట్టుకోవాల్సినవి మూడు. ఒకటి, మార్పు మెల్లగా జరిగింది. రెండు, గుర్తు చేసే మనిషి పక్కన ఉన్నాడు. మూడు, తినే వేళ ఎరుక ఉంది. ఈనాటి డాక్టర్లు చెప్పేదీ ఇదే. ఒక్కసారిగా పస్తులుండి బరువు తగ్గితే కాలేయానికే చేటు. 70 కిలోల మనిషి నెలలు తీసుకుని మూడున్నర కిలోలు తగ్గితే లివర్ కొవ్వు తగ్గడం మొదలవుతుంది. అయిదు నుంచి ఏడు కిలోలు తగ్గితే వాపు, కొందరిలో మచ్చ కూడా వెనక్కి తగ్గుతాయి.

5. ఏం చేయాలి?

పళ్లెం: సగం కూరగాయలు, ఆకుకూరలు. పావు వంతు పప్పు, శనగలు, గుడ్డు లేదా చేప. మిగిలిన పావు వంతే అన్నం, సంగటి లేదా రొట్టె. సంగటి మంచిదే, కానీ మందు కాదు. బియ్యం ఎక్కువ వేసి కెలికిన సంగటి రెండు ముద్దలు తింటే షుగర్ అట్లాగే పెరుగుతుంది. చీనీ పండును పండుగా తినండి, చక్కెర కలిపిన రసంగా వద్దు. టీలో చక్కెర వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి. నూనె నలుగురున్న ఇంటికి నెలకు రెండు నుంచి మూడు లీటర్లు చాలు.

నడక: వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట, కాస్త ఒగర్చేంత వేగంగా. కూలి పని ఉన్న నెలల్లో సరే, పని లేని నెలల్లో మరవకూడదు.

మద్యం: కొవ్వు పట్టిన కాలేయానికి "కొంచెం పర్వాలేదు" అన్న కొలత లేదు. ఇంకా మానలేకపోతున్నవాళ్లను దూరం పెట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. రోజూ ఎక్కువ తాగే మనిషి ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ రావచ్చు. 1992లో పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడితే 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఇంటి మార్పు ఊరి మార్పు కాగలదు.

పరీక్ష: 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి బీపీ, షుగర్ చూపించుకోవాలి. మీ ఊరి ఏఎన్‌ఎమ్మును, ఆశా కార్యకర్తను అడగండి. ఫ్యాటీ లివర్ అని తేలితే ప్రభుత్వ ఆసుపత్రిలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల పరీక్షలు చేయించమనండి. వీటితో పాటు మీ వయసు కలిపి డాక్టరు ఫిబ్-4 అనే లెక్క వేస్తారు. నడివయసు వాళ్లకు అది 1.3 కంటే తక్కువ వస్తే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. ఎక్కువ వస్తే తర్వాతి పరీక్ష అవసరం. హెపటైటిస్ బి పరీక్ష కూడా ఒకసారి చేయించుకోండి. పసరు మందులు, వాతలు పెట్టించుకోవడం వద్దు. ఎవరో చెప్పారని నమ్మొద్దు, పరీక్షించి చూడమన్నది కాలాములకు బుద్ధుడు చెప్పిన మాట.

ఇంటి ఆడవాళ్ల గురించి: అందరూ తిన్నాక మిగిలిన అన్నం, చారుతో సరిపెట్టుకునేది వాళ్లే. కూర అయిపోయి ఉంటుంది. వాళ్ల పళ్లెంలోకి కూర, పప్పు రావాలంటే అందరూ కలిసి కూర్చుని తినాలి. సమానత్వం విహారంలో మాట్లాడేది మాత్రమే కాదు.

6. ఇది తలరాత కాదు

షుగర్, బీపీ పూర్వజన్మ పాపమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బాబాసాహెబ్ కూడా చివరి ఏళ్లలో మధుమేహంతో బాధపడ్డారు. 1948 ఏప్రిల్ 15న ఆయనను వివాహమాడిన డాక్టర్ శారదా కబీర్, అంటే మన మాయీసాహెబ్ సవితా అంబేద్కర్, ఆయన ఆరోగ్యం కనిపెట్టుకుని ఉన్నారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష ఇచ్చిన ఆ మహనీయుడు రెండు నెలలు తిరగకముందే, డిసెంబరు 6న మనకు దూరమయ్యారు. 65 ఏళ్లకే. జబ్బు సిగ్గుపడాల్సిన విషయం కాదు. జబ్బుకు కారణం ఉంది. కారణం ఉన్నదానికి ఉపాయం ఉంది.

నడివయసు మనిషి మంచం పడితే కూలి ఇంట్లో మొదట ఆగిపోయేది పిల్లల చదువు. మీ కాలేయాన్ని కాపాడుకోవడం ఆ చదువును కాపాడుకోవడమే.

వచ్చే సమావేశానికి

– ఒక టేపు తెచ్చి అందరి నడుము కొలత రాసుకోండి.
– మీ ఇంట్లో నెలకు ఎంత బియ్యం, ఎంత నూనె, ఎంత చక్కెర ఖర్చవుతుందో లెక్క వేసుకుని రండి.
– మీకు సుదస్సనుడు ఎవరు? మీరు ఎవరికి సుదస్సనుడు కాగలరు?
– బీరువాలో దాచిన రిపోర్టు ఉంటే, బయటికి తీయండి.

జై భీమ్. నమో బుద్ధాయ.