ఖరగ్‌పూర్ తెలుగువారి అర్జీ, 350వ అధికరణం

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. ట్రాఫిక్ ప్రాంతంలో మురుగుకాలువ పొంగితే ఎవరికి మొరపెట్టుకోవాలి? రైల్వే స్థలమైతే ఆగ్నేయ రైల్వే ఖరగ్‌పూర్ డివిజన్‌కు, పురపాలక పనైతే వార్డు కౌన్సిలర్‌కు. ఏ భాషలో? తెలుగులోనే రాయొచ్చు.

ఆ హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. కేంద్రంలో లేదా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా, సమస్య పరిష్కారం కోరుతూ ఏ అధికారికైనా వినతిపత్రం ఇవ్వొచ్చు. పోటీ పరీక్షల అభ్యర్థులు దీన్ని 350ఎ (మాతృభాషలో ప్రాథమిక విద్య), 350బి (భాషా అల్పసంఖ్యాకుల ప్రత్యేక అధికారి)తో తరచూ కలిపేస్తారు. ఆ రెండూ 1956లో 7వ సవరణతో వచ్చాయి. 350 మాత్రం మొదటినుంచీ ఉంది. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. ఖరగ్‌పూర్ తెలుగువారి చిరకాల కోరిక అది.

అర్జీని పార్లమెంటుకూ పెట్టుకోవచ్చు. లోక్‌సభలో ఒక సభ్యుడి ద్వారా సమర్పించే పిటిషన్‌పై ఆ సభ్యుడు సంతకం చేయాలి. పిటిషన్ల కమిటీలో మంత్రులకు చోటు లేదు.

అయితే అర్జీలిచ్చినా పని చేయని ఎంపీని, ఎమ్మెల్యేను మధ్యలో దించే అధికారం మన ఓటరుకు లేదు. ఇది పెద్ద లోటే. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో పురపాలక అధ్యక్షులను ప్రజల ఓటుతో తొలగించే వీలు కల్పించారు. బ్రిటన్‌లో 2015 చట్టం ప్రకారం, జైలుశిక్ష వంటి నిర్దిష్ట కారణాలుంటే, ఆరు వారాల్లో 10 శాతం ఓటర్లు సంతకం చేస్తే ఎంపీ పదవి పోతుంది. 2019లో పీటర్‌బరోలో తొలిసారి అలా జరిగింది.