మజ్జ మార్పిడి తర్వాత కళ్లలో గరగర

ప్రశ్న: మస్కట్‌లో ఉండే మా తమ్ముడికి ఎముక మజ్జ మార్పిడి జరిగింది. ఇప్పుడు కళ్లలో ఇసుక పడ్డట్టుందంటున్నాడు. కొత్త చుక్కల మందులున్నాయా?

జవాబు: ఒమన్‌లో మజ్జ మార్పిడి 1994లోనే సుల్తాన్ ఖాబూస్ యూనివర్సిటీ ఆస్పత్రిలో మొదలైంది. మార్పిడితో వచ్చిన దాత రోగనిరోధక కణాలు కొందరిలో కన్నీటి గ్రంథులను దెబ్బతీస్తాయి. కింది రెప్పలో కాగితం పట్టీ పెట్టి, 5 నిమిషాల్లో ఎంత తడిసిందో డాక్టర్లు చూస్తారు.

కొత్త మందు నిగ్గు తేల్చడమే కష్టం. శంకర్ ముసునూరి సారథ్యంలోని ఆక్యుజెన్ సంస్థ ఈ సమస్యకు బ్రైమోనిడిన్ చుక్కలను మందు లేని చుక్కలతో పోల్చింది. మధ్యంతర లెక్కలు ఆశాజనకంగా లేక 2020లో మూడో దశ ప్రయోగాన్ని ఆపేసింది.

ప్రస్తుతం ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీళ్లు, అవసరాన్ని బట్టి సైక్లోస్పోరిన్ లేదా రోగి సొంత సీరంతో చేసిన చుక్కలు వాడతారు. ఎండగాలిలో పక్కలు మూసిన కళ్లద్దాలు మేలు. చూపు మసకబారితే ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్‌కు చూపించాలి.