ఉర్దూ వచ్చు, మరి పహాణీ చదవడం?

ఇంట్లోనే ఉండి అనువాదాలు చేసి సంపాదించవచ్చా అని మా పూర్వ విద్యార్థులు అడుగుతుంటారు. చేయవచ్చు. అయితే ఏ భాష నుంచి ఏ భాషలోకి, ఏ రంగంలో అన్నది చెప్పగలగాలి. రెండు భాషలు రావడం సగం పనే.

మణుగూరు ప్రాంతంలో ఉర్దూ–తెలుగు జంటకు సహజంగా దొరికే రంగం పాత భూమి రికార్డులు. హైదరాబాద్ సంస్థానంలో 1884లో ఫార్సీ స్థానంలోకి ఉర్దూ పాలనాభాషగా వచ్చింది. అందుకే సేత్వార్లు, 1954-55 ఖాస్రా పహాణీలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. గోదావరి అవతలి భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోది, అక్కడి రికార్డుల భాష వేరు. ఏరు దాటితే అనువాదకుని జంటే మారిపోతుందన్నమాట!

‘కబ్జా’ అన్న మాట చూడండి. ఉర్దూలో దానికి స్వాధీనం అనే అర్థం, అందులో తప్పేమీ లేదు. నేటి తెలుగులో అది దౌర్జన్యంగా ఆక్రమించడం. స్వాధీనదారు గడిలో పేరున్న రైతును తెలుగులో ‘కబ్జాదారు’ అని దించితే, తాతల నాటి నుంచి దున్నుకుంటున్నవాడు కాగితం మీద ఆక్రమణదారు అయిపోతాడు. మనది ఏజెన్సీ. 1970 నాటి 1/70 చట్టం గిరిజనేతరుల పేరిట భూమి బదిలీని అడ్డుకుంటుంది కనుక, ఏ ఏట ఎవరి స్వాధీనంలో ఉందన్నది కోయ కుటుంబానికైనా ఇతరులకైనా ప్రాణంతో సమానం.

అంకెల సంగతి మరీ చిక్కు. ఉర్దూ అయిదు మన సున్నాలా కనిపిస్తుంది, ఉర్దూ సున్నా ఒక చుక్క మాత్రమే. ఆ చుక్క చెరిగితే 20 గుంటలు 2 గుంటలవుతాయి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది: 1364 ఫసలీ అంటే 1954-55. ‘తరీ’ మాగాణి, ‘ఖుష్కీ’ మెట్ట, ‘ఫౌతీ’ అంటే చనిపోయినవారు. ‘వల్ద్’ను ఇంటిపేరుగా పొరబడకూడదు, అది ఫలానావారి కుమారుడు అని చెప్పే మాట.

1917లో హైదరాబాదులో ఏర్పడిన దారుల్ తర్జుమాలో పారిభాషిక పదాల కోసం భాషా పండితులను, శాస్త్రజ్ఞులను ఒకచోట కూర్చోబెట్టారు. ఒంటరిగా పనిచేసే మనవారికి ఆ సౌకర్యం లేదు. కాబట్టి సొంత పదపట్టిక రాసుకోవాలి. చదవలేని అక్షరం ఉంటే ఊహించి నింపక, ‘ఇక్కడ చెరిగింది’ అని కుండలీకరణంలో రాయాలి. మూలం నకలును అనువాదానికి జతచేయాలి. గొలుసురాత పుటకు అచ్చు పుట కంటే ఎక్కువ సమయం పడుతుంది, కాబట్టి కాగితం చూశాకే రేటు చెప్పాలి.

ఆ రాత చదవగల పెద్దలు ఏటేటా తగ్గుతున్నారు. ఆసక్తి ఉన్న పిల్లలు ఈ వేసవి సెలవుల్లోనే ఒక పాత పహాణీ నకలు పట్టుకుని వారి దగ్గరకు వెళ్లాలి.