టర్మక్స్‌లో అవుట్‌పుట్ వస్తుండగా టైప్ చేస్తే ఆ అక్షరాలు ఎక్కడికి పోతాయి?

టర్మక్స్ వాడేవాళ్లకి ఇది తెలిసిన సీనే. అప్‌గ్రేడ్ నడుస్తుంటుంది, తెర మీద లైన్లు పరిగెడుతుంటాయి. ఆగలేక తర్వాతి కమాండ్ కొట్టేస్తాం. మన అక్షరాలు ఆ లైన్ల మధ్య ఇరుక్కుని ముక్కలైపోతాయి. కానీ పని అయిపోగానే ప్రాంప్ట్ దగ్గర కమాండ్ మొత్తం మళ్లీ చక్కగా కనిపిస్తుంది! మా అబ్దుల్లాపూర్‌మెట్ వైపు ల్యాప్‌టాప్ లేకుండా ఫోన్‌లోనే లినక్స్ నేర్చుకునే ఇంజినీరింగ్ పిల్లలు నన్ను తరచుగా అడిగేది దీని గురించే.

అప్‌గ్రేడ్ చేస్తున్న ప్రోగ్రామ్‌కి మీరు టైప్ చేసిన సంగతే తెలియదు. కెర్నల్‌లో టీటీవై అనే భాగం ఉంటుంది (పాత టెలీటైప్ మెషిన్ల నుంచి వచ్చిన పేరు). మీరు కీ నొక్కగానే అది రెండు పనులు చేస్తుంది: అక్షరాన్ని తెర మీదకి పంపుతుంది, ఇంకో కాపీని క్యూలో పెడుతుంది. చెదిరేది తెర మీద బొమ్మే, క్యూలోది కాదు. తర్వాత షెల్ వచ్చి క్యూ చదివి, తనే మళ్లీ ప్రింట్ చేస్తుంది. అందుకే రెండుసార్లు కనిపిస్తుంది. క్యూలో ఒక లైన్‌కి ఎంటర్‌తో కలిపి 4096 బైట్లే చోటు. తెలుగులో ‘క’కి 3 బైట్లు, ‘కి’కి 6 పోతాయి లెండి.

అసలు ప్రమాదం వేరే ఉంది. క్యూలో ఉన్న లైన్‌కి కౌంటర్‌లో ఎవరు కూర్చున్నారో తెలియదు. ముందు ఎవరు చదివితే వాళ్లదే. పనికిరాని ఫైల్ ఒకటి తయారు చేసి టెస్ట్ చేయండి. 10 సెకన్ల స్లీప్, సెమీకోలన్, ఆ తర్వాత ఆ ఫైల్ మీద ఆర్ఎం హైఫన్ ఐ ఇవ్వండి. స్లీప్ నడుస్తుండగానే వై కొట్టి ఎంటర్ నొక్కండి. డిలీట్ చేయాలా అన్న ప్రశ్న మీరు చదివేలోపే ఫైల్ పోతుంది. సమాధానం ముందే క్యూలో ఉంది కదా!

డీపీకేజీ ఈ విషయంలో తెలివైనది. సెట్టింగ్స్ ఫైల్ మార్చాలా అని అడిగే ముందు క్యూని ఖాళీ చేస్తుంది. అన్ని ప్రోగ్రాములూ అంత జాగ్రత్త పడవు.

పాస్‌వర్డ్ మాత్రం ముందే కొట్టకండి. అడిగినప్పుడే ప్రోగ్రామ్ ఎకో ఆపుతుంది, అంతకుముందు కొట్టిందంతా తెర మీద బహిరంగంగా కనిపిస్తుంది. స్క్రీన్ రికార్డింగ్ ఆన్‌లో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఎంటర్ కొట్టకముందే గుర్తొస్తే కంట్రోల్ యూ ఆ లైన్‌ని చెరిపేస్తుంది. టర్మక్స్‌లో వాల్యూమ్ డౌన్ బటనే కంట్రోల్. ఎంటర్ కొట్టేశాక కంట్రోల్ సీ ఒక దారి. అది క్యూతో పాటు నడుస్తున్న పనిని కూడా ఆపేస్తుంది, కాబట్టి అప్‌గ్రేడ్ మధ్యలో నేనైతే నొక్కను.

ల్యాప్‌టాప్‌కి మారాక ఇంకోటి ఎదురవుతుంది. కంట్రోల్ ఎస్ తగిలితే తెర బిగుసుకుపోతుంది. హ్యాంగ్ అయిందని విండో మూసేయకండి, కంట్రోల్ క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది. టర్మక్స్‌లో ఈ తంటా లేదు, దాన్ని తయారుచేసినవాళ్లు ఆ సెట్టింగ్‌ని ముందే ఆఫ్ చేశారు.