అంతర్జాలము – ఆరోగ్యవిజ్ఞానము

పూర్వము వైద్యశాస్త్రము కొందరి సొత్తు. తాళపత్రములలోను, గురుశిష్యపరంపరలోను అది దాగి యుండెడిది. పిమ్మట అచ్చుయంత్రము వచ్చి దానిని గ్రంథాలయములకు ఎక్కించినది. అయినను పల్లెలో జ్వరముతో మూల్గుచున్న వానికి ఆ గ్రంథములు ఆమడ దూరముననే నిలిచిపోయినవి. 1989వ సంవత్సరమున స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధనసంస్థయందు పనిచేయుచున్న టిమ్ బెర్నర్స్ లీ అను ఆంగ్లేయుడు, శాస్త్రజ్ఞులు తమ పత్రములను ఒకరికొకరు సులభముగా అందించుకొనుటకై ఒక పథకమును రచించెను. నేడు లోకమంతట అల్లుకొని యున్న పుటల వలకు అదియే బీజము. ఇప్పుడు గొర్రెలు మేపుకొను వాని జేబులో సైతము సెల్‌ఫోను కలదు. తలనొప్పి వచ్చినను, బిడ్డకు విరేచనములు పట్టుకొన్నను, ఇంటివారు మొదట ఆ ఫోనునే అడుగుచున్నారు. అది రాత్రియనక పగలనక విసుగు లేకుండ బదులు చెప్పుచున్నది. ఆ బదులు ఎట్టిదో విచారింపవలసి యున్నది.

ఒక చిన్న విషయమును తెలిసికొన్నంత మాత్రమున ప్రాణములు నిలుచునా యని కొందరు సందేహింతురు. 1971వ సంవత్సరమున బంగ్లాదేశ విమోచన యుద్ధకాలములో లక్షలకొలది కాందిశీకులు పశ్చిమ బెంగాలునకు తరలివచ్చిరి. బన్‌గావ్ శిబిరములలో కలరా చెలరేగెను. రక్తనాళములలోనికి ఎక్కించు సెలైను చాలకపోయెను. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ మంచినీటిలో గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపించి, రోగులచే త్రాగింపజేసెను. నర్సులు చాలనందున రోగుల తల్లులు, అక్కచెల్లెండ్రు గిన్నెలు పట్టుకొని ఆ పని చేసిరి. నూటికి ముప్పదిమంది మరణించుచుండిన ఆ శిబిరములలో మరణములు నూటికి నలుగురి లోపునకు తగ్గిపోయెను. అందు గొప్ప యంత్రము లేదు, ఖరీదైన మందు లేదు. ఉన్నది ఒక్క తెలివిడి మాత్రమే.

ఆ తెలివిడి నేడు ఫోనులో దొరకును. ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకని చోట, ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, బిడ్డకు కొద్దికొద్దిగా పట్టవలెనని ఏ కొండపల్లెలోని తల్లియైనను క్షణములో తెలిసికొనగలదు. చెంచాలు తలకొట్టి కొలువవలెను. ఇంతవరకు ప్రయోజనమే. కాని ఆ పుటను వ్రాసినవాడు పొరపాటున అంకెలు తారుమారు చేసి, ఆరు చెంచాల ఉప్పు, అర చెంచా చక్కెర అని వ్రాసినచో ఏమగును? ఉప్పు మితిమీరినచో పసిబిడ్డ మెదడు దెబ్బతినును. ప్రాణము పోవుటయు కలదు. ఫోను తెరపై ఆ రెండు వాక్యములును ఒకే అక్షరములతో, ఒకే మెరుపుతో కనిపించును. ప్రాణము నిలుపు వాక్యమునకు ఒక రంగు, ప్రాణము తీయు వాక్యమునకు మరియొక రంగు ఉండవు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మేలు చేయు స్థానములు లేకపోలేదు. అమెరికా జాతీయ వైద్యగ్రంథాలయమువారు 1998లో మెడ్‌లైన్‌ప్లస్ అను పేర సామాన్యులకై రోగములను గూర్చిన వివరములను ఉచితముగా అందించుట మొదలుపెట్టిరి. మన దేశమున 2019లో ఈ-సంజీవని యను ప్రభుత్వ సేవ ఆరంభమయ్యెను. దాని మూలమున దూరమునందున్న వైద్యునితో తెరపై మాటలాడవచ్చును. 2020 మార్చిలో దూరవైద్యమునకు సంబంధించిన నియమములు సైతము వెలువడినవి. మధుమేహము గలవారు తమ పాదములను దినదినము పరీక్షించుకొనవలెనని, క్షయరోగము మందులతో నయమగునని, ఆ మందులను ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా ఇత్తురని తెలిసికొన్నవారు అనేకులు. నలుగురిలో అడుగుటకు సిగ్గుపడు స్త్రీలు, యౌవనమున అడుగిడు బాలబాలికలు తమ సందేహములను రహస్యముగా తీర్చుకొనుటకు ఇంతకంటె అనువైన సాధనము ఇదివరకు లేదు. దీనిని చిన్నచూపు చూచుట తగదు.

ఇక రెండవవైపు. 1889లో వెలువడిన ‘త్రీ మెన్ ఇన్ ఎ బోట్’ అను హాస్యగ్రంథమున జెరోమ్ కె. జెరోమ్ అను ఆంగ్లరచయిత ఒక వింతను వర్ణించెను. కథకుడు ఏదో చిన్న నలతకు చికిత్స తెలిసికొనుటకై బ్రిటిష్ మ్యూజియమునకు పోయి వైద్యగ్రంథమును తెరచును. పుట త్రిప్పినకొలది అందలి లక్షణములన్నియు తనయందే యున్నట్లు తోచును. తుదకు పనికత్తెలకు వచ్చు మోకాటివాపు ఒక్కటి తప్ప మిగిలిన వ్యాధులన్నియు తనకు గలవని నిర్ణయించుకొనును. ఆ ఒక్కటి ఎందుకు రాలేదా యని చిన్నబుచ్చుకొనును కూడ! కనుక ఈ రోగభయము అంతర్జాలముతో పుట్టినది కాదు, దానితో పెరిగినది. మైక్రోసాఫ్టు సంస్థకు చెందిన రయన్ వైట్, ఎరిక్ హార్విట్జ్ అను పరిశోధకులు 2008లో ఈ సంగతిని పరిశీలించిరి. సామాన్యమైన తలనొప్పిని గూర్చి వెదుకబోయినవారు మెదడులోని కంతిని గూర్చిన పుటలకు ఎంత సులభముగా చేరుచున్నారో వారు చూపిరి. తలనొప్పికి కారణము చాలవరకు నిద్రలేమియో, కాఫీ మానుటయో, కంటిదోషమో అయి యుండును. కాని అట్టి సామాన్యకారణములకంటె భయంకరమైనవే చదువరుల దృష్టిని ఆకర్షించును.

లక్షణముల పట్టిక చూచి రోగమును పోల్చుకొనుట మన వానకాలపు జ్వరముల విషయమున మరింత కష్టము. మలేరియాకు జ్వరమే, టైఫాయిడునకు జ్వరమే, డెంగ్యూకు జ్వరమే. మూడింటను తలనొప్పి, ఒడలినొప్పులు ఉండును. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నది సూక్ష్మదర్శిని సహాయముననే గాని ఊహచే కాదు. నేటికిని ఈ జ్వరములను వేరుపరచుటకు రక్తపరీక్ష కావలెను. ఫోను నాడి పట్టదు, నెత్తురు చూడదు. అది యేదో నొప్పిమాత్ర పేరు చెప్పినదని ఆస్పిరిన్ గాని, ఐబూప్రొఫెన్ గాని మ్రింగినవానికి ఉన్నది డెంగ్యూ అయినచో రక్తస్రావపు ముప్పు హెచ్చును. పైగా డెంగ్యూలో ఒక మోసము కలదు. జ్వరము దిగినదని ఇంటివారు సంతోషించు వేళనే అసలు ప్రమాదము ఆరంభమగుట తరచు. అప్పుడు కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి నెత్తురు, మత్తు కనిపించినచో ఒక్క గడియయు ఆలస్యము చేయరాదు. బొప్పాయి ఆకురసము చాలునని ఎవరో పంపిన సందేశమును నమ్మి ఇంటనే కూర్చుండువారు ఆ గడియనే పోగొట్టుకొందురు.

నిజమైన మాటయు సందర్భము తప్పినచో చేటు తెచ్చును. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించిరి. అచ్చట తయారైన ఔషధములలో మెథోట్రెక్సేట్ ఒకటి. అది క్యాన్సరు చికిత్సకును, కీళ్లవాతమునకును ఉపయోగపడుచున్నది. కీళ్లవాతమునకు దానిని వారమునకు ఒక్కసారి మాత్రమే ఇత్తురు. అదే మాత్రను దినమునకొకటి చొప్పున మ్రింగినవారి ఎముకలలోని మూలుగు దెబ్బతిని, ప్రాణాపాయము సంభవించినది. మందు పేరు, దాని గుణములు అంతర్జాలమున చక్కగనే యుండవచ్చును. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లకొకసారి యనునది రోగిని చూచిన వైద్యుడు చెప్పవలసినది. ఇటీవల యంత్రములే వాక్యములు కూర్చి సమాధానములు చెప్పుచున్నవి. వాని భాష మిక్కిలి నిబ్బరముగా నుండును. తెలిసిన విషయమును తెలియని విషయమును ఒకే స్వరముతో చెప్పుట వాని స్వభావము.

అసత్యము పండితవేషమున వచ్చుటయు కలదు. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అను ఆంగ్లవైద్యుడు తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండ వేయు టీకాకును, ఆటిజమునకును సంబంధము కలదేమో యను అనుమానమును, కేవలము 12 మంది పిల్లల ఆధారమున, లాన్సెట్ అను ప్రసిద్ధ పత్రికలో ప్రకటించెను. వార్తాపత్రికలు దానిని చాటినవి. పిమ్మట అంతర్జాలము అందుకొన్నది. తల్లిదండ్రులు భయపడి టీకా మానిపించిరి. ఆ సంబంధము లేదని తరువాతి పరిశోధనలు తేల్చినవి. 2010 ఫిబ్రవరిలో లాన్సెట్ ఆ వ్యాసమును రద్దుచేసెను. అదే సంవత్సరము మే నెలలో వేక్‌ఫీల్డ్ పేరు వైద్యుల పట్టికనుండి తొలగింపబడెను. కాని 2012–13లో వేల్స్ దేశమందలి స్వాన్సీ ప్రాంతమున వేయిమందికి పైగా తట్టు సోకెను. పండ్రెండేండ్లు ఆలస్యముగా వచ్చిన దిద్దుబాటు ఆ పిల్లలకు ఏ విధముగ ఉపకరించినది? 2020లో ఇరాన్ దేశమున, మద్యము కరోనాను హరించునను వదంతి ఫోనులద్వారా వ్యాపింపగా, విషతుల్యమైన మెథనాలు త్రాగి వందలమంది మరణించిరి.

ధనాశ వేరొక కారణము. మధుమేహము, క్యాన్సరు వంటి రోగములను నయముచేయుదుమని మందుల ప్రకటనలు ఇచ్చుటను మన దేశమున 1954వ సంవత్సరపు చట్టము నిషేధించినది. ఆ చట్టమునకు చిక్కక, నేడు చిన్న చలనచిత్రములు ఇండ్లలోనికి దూరుచున్నవి. వానిని నమ్మి ఇన్సులిన్ మానివేసిన బాలునికి, అతనిది ఒకటవ రకపు మధుమేహమైనచో, కొన్ని దినములలోనే ప్రాణాపాయము కలుగును. కావున ఒక పుటను చదువునప్పుడు వ్రాసినవారెవరు, ఎప్పుడు వ్రాసిరి, చివర ఏమైన అమ్మజూపుచున్నారా యని చూచుట మొదటి పని. “ఈ రహస్యమును వైద్యులు మీకు చెప్పరు” అను మాట కనిపించినచో ఇక చదువనక్కరలేదు.

చదివి తెలిసికొన్న దానిని వైద్యునికి చెప్పుటకు జంకుట యెందుకు? తాను ఏమి చదివినదో, ఏ మాత్రలు వేసికొన్నదో, జ్వరము ఏనాడు మొదలైనదో ఒక కాగితముపై వ్రాసికొని పోయిన రోగికి సగము పని తీరినట్లే. అట్టి ప్రశ్నలకు కసరుకొను వైద్యులు లేకపోలేదు. అది వారి లోపము.

అయితే కొన్ని సమయములలో వెదకుటకే వ్యవధి యుండదు. పాముకాటు అట్టిది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర యను నాలుగింటి విషమునకును విరుగుడుగా పనిచేయు సూదిమందు మన దేశమున తయారగుచున్నది. కట్లపాము నేలపై నిద్రించు వానిని రాత్రివేళ కరచును. నొప్పియు వాపును అంతగా ఉండవు. తెల్లవారునప్పటికి కనురెప్పలు వ్రాలి, ఊపిరి ఆడకపోవును. కాటుపై కోయుడని, నోటితో పీల్చుడని, గట్టిగా కట్టుడని చెప్పు దృశ్యములు నేటికిని ఫోనులలో తిరుగుచున్నవి. కోసినచో నెత్తురు కారును, పుండు పడును. గట్టిగా కట్టినచో ఆ అవయవమే చెడును. కరవబడిన వానికి ధైర్యము చెప్పి, కరచిన కాలును గాని చేతిని గాని కదలనీయక, వెంటనే వైద్యశాలకు చేర్చవలెను. అప్పుడు చేతిలోని ఫోనుతో చేయవలసినది 108 సంఖ్యకు పిలుచుట. బండి రాకలో జాగు కనిపించినచో ఇరుగుపొరుగువారి మోటారుసైకిలుపై, రోగిని ఇద్దరి నడుమ కూర్చుండబెట్టుకొని, సూదిమందు గల ఆసుపత్రికి బయలుదేరవలెను.