కారిన ఇంజను నూనెను శుభ్రపరచు విధానము

నంద్యాల జిల్లాలోని ప్యాపిలి 44వ నంబరు జాతీయ రహదారిపై నున్న ఊరు. శ్రీనగరు నుండి కన్యాకుమారికి పోవు ఈ బాటపై రేయింబవళ్లు వాహనములు నడచుచుండును. గ్రామములందును నేడు ట్రాక్టర్లు, జీపులు, కార్లు సామాన్యమైనవి. పాతబడిన వాహనమునుండి ఇంజను నూనె కారుట అందరెరిగినదే. దానిని కడుగుటకు బండిని చెరువులోనికో, బోరు వద్దకో తోలుకొనిపోవు అలవాటు పలుచోట్ల గలదు. వానలు తక్కువైన రాయలసీమలో ఇది మిక్కిలి హానికరము. ఒక్కమారు మార్చి తీసిన పాత నూనె 10 లక్షల గ్యాలన్లు, అనగా సుమారు 38 లక్షల లీటర్ల మంచినీటిని చెడగొట్టగలదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ హెచ్చరించుచున్నది. కావున పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులను మేమిచ్చట వివరింతుము.

మొదటి పని: కారుటను ఆపవలెను

కారుచున్న చోటును సరిచేయక ఎంత తుడిచినను ఫలము లేదు. నూనె తీయు బిరడా, ఫిల్టరు, ఇంజను పైమూత ప్యాకింగు, అడుగున నూనె తొట్టి ప్యాకింగు - వీనిని క్రమముగా చూడవలెను. కారిన నూనె రబ్బరు గొట్టములను ఉబ్బించి పాడుచేయును. బ్రేకు లైనర్లకు అంటినచో బ్రేకు పట్టదు. కాలిన సైలెన్సరు గొట్టముపై పడినచో మంట పుట్టవచ్చును.

రంగుపై పడిన నూనె

బండిని నీడన నిలిపి చల్లారనీయవలెను. మెత్తని నూలుగుడ్డతో నూనెను అద్ది తీయవలెనే గాని రుద్దరాదు. రుద్దినచో దుమ్ము, ఇసుక రంగును గీరును. పిదప గోరువెచ్చని నీటిలో కొంచెము సబ్బు కలిపి, గుడ్డను తడిపి తుడిచి, మంచినీటి గుడ్డతో మరల తుడువవలెను. పెట్రోలు వాడరాదు, దాని ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకొనును.

బండి అడుగు భాగము

కేవలము జాకీని నమ్మి బండి క్రిందికి దూరరాదు. చదునైన నేలపై చక్రములకు అడ్డు పెట్టి, బలమైన స్టాండ్లపై నిలుపవలెను. చేతికి తొడుగులు వేసికొనవలెను. వాడిన నూనె చిరకాలము తగులుచుండుట చర్మమునకు హాని. గట్టిపడిన మడ్డిని చెక్కపేడుతో గీకి, రేకుపై పట్టవలెను. మిగిలిన జిడ్డును గుడ్డలతో తుడువవలెను. నేలపై పడిన దానిమీద రంపపు పొట్టుగాని, ఊకగాని, ఇసుకగాని చల్లి, పీల్చిన పిమ్మట ఊడ్చి ఎత్తవలెను.

సబ్బు నూనెను నాశనము చేయునని పలువురు తలంతురు. అది పొరపాటు. సబ్బు నూనెను సన్నని బొట్లుగా విడగొట్టి నీటిలో కలుపును. ఆ నీరు ఎచ్చటికి పోవునో నూనెయు అచ్చటికే పోవును. కావున పొడి తుడుపే ముఖ్యము. అడుగు భాగమును నీటితో కడుగుట తప్పనిసరియైనచో, నూనెను వేరుచేయు తొట్టి గల సర్వీసు స్టేషనుకు పోవుట మేలు.

పంచాయతీ బాధ్యత

వాడిన నూనె 2016 నాటి నియమముల ప్రకారము ప్రమాదకర వ్యర్థము. అనుమతి పొందినవారికే దానిని అప్పగింపవలెను. మురుగు కాలువలో పోయుట, కాల్చుట తగదు. నూనె గుడ్డలను, పొట్టును మూతగల డబ్బాలో నిప్పునకు దూరముగా ఉంచి, నూనెతోపాటే అప్పగింపవలెను. పారిశుధ్యము, త్రాగునీరు పంచాయతీకి అప్పగింపబడిన విధులే. చెరువులు, బావులు, బోర్ల వద్ద వాహనములు కడుగరాదని సభ్యులు తీర్మానము చేసి, వాడిన నూనె పట్టుటకు ఒక మూత పీపాను ఏర్పాటు చేయవచ్చును. పంచాయతీ ట్రాక్టరుతోనే ఈ పద్ధతి ఆరంభమైనచో గ్రామస్థులకు అది మేలైన పాఠము కాగలదు.